పెద్దదాన్ని నేనుండగా

ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ ఒకే కప్పు కింద కుట్టుపని చేస్తారు, ఒకే పొయ్యి మీద కాచిన టీ తాగుతారు, కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. మాట్లాడవలసిన అవసరం మాత్రం రోజూ ఉంటుంది. అందుకని ఇద్దరి మధ్యా అత్తగారు పోస్టాఫీసు అయింది. "అత్తయ్యా, బొత్తాల డబ్బా ఎక్కడ పెట్టారో అడగండి" అని పెద్దకోడలు అంటే, ఆ పక్కనే నిలబడ్డ చిన్నకోడలు, "అత్తయ్యా, కళ్ళున్నవాళ్ళకి కనిపిస్తుందని చెప్పండి" అంటుంది. అత్తగారు ఏ మాటనూ ఎక్కడికీ మోయదు. మోయవలసిన అవసరమూ లేదు. ఆవిడకు చెవుడు ఉందో లేదో కన్నకొడుకులకే తెలియదు, వీలును బట్టి వచ్చి పోయే చెవుడది.

గొడవ ఎలా మొదలైందంటే ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళంటారు. ఒకసారి ఆసుపత్రికి కుట్టిన కోట్లకు చేతులు పొట్టిగా వచ్చాయి. కత్తిరింపు తప్పని పెద్దకోడలు అంది. కుట్టులో మడత ఎక్కువ పెట్టారని చిన్నకోడలు అంది. కోట్లను విప్పి మళ్ళీ కుట్టారు గాని తెగిన మాట అలాగే ఉండిపోయింది.

కత్తిరింపు చిన్నకోడలిది. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద పొరలు పొరలుగా పరిచిన గుడ్డ, సుద్దముక్క, నల్లపిడి కత్తెర, అదంతా ఆమె రాజ్యం. గుడ్డ మీద అరచేతితో ఒకసారి అటు నుంచి ఇటు నిమిరిందంటే ఎక్కడ ముడత ఉందో ఆమెకు తెలిసిపోతుంది. కత్తెరను ఎవరూ ముట్టుకోకూడదు. కాగితం కోస్తే పదును పోతుందని మొగుణ్ణి కూడా కసిరేది. కుట్టుమిషన్లు, బొత్తాలు, ఇస్త్రీ పెద్దకోడలివి. గది నడిమధ్య బట్టల మూటలు సరిహద్దురాళ్ళలా ఉంటాయి.

ఇలా ఉండగా, వీళ్ళు బట్టలు కుట్టే ఆసుపత్రికి ఒక కొత్త యంత్రం వచ్చింది. రొమ్ము ఫొటో తీస్తే, డాక్టరు కంటికి కూడా ఆనని మచ్చను కంప్యూటరే పట్టుకుని దాని చుట్టూ గీత గీస్తుందట. ఆసుపత్రి పని చేసే ఆడవాళ్ళందరూ వచ్చి చూపించుకోమన్నారు. ఇద్దరూ వెళ్ళారు. ఇద్దరి ఫొటోల్లోనూ కంప్యూటరు గీత గీసింది. సూదితో ముక్క తీసి చూడాలి, ఫలానా రోజు రమ్మన్నారు.

"ఇందులో కూడా పోటీయేనా?" అని చిన్నకోడలి మొగుడు నవ్వబోయాడు. పెళ్ళాం చూసిన చూపుకు సగం నవ్వు లోపలే ఉండిపోయింది.

ఆ రోజు ఇద్దరినీ ఒకే వ్యానులో దింపి పోయాడు బావగారు, పెద్దకోడలి మొగుడు. బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. వేసుకోమని ఇచ్చిన గౌన్లు వెనక నాడాలు కట్టుకునేవి. చిన్నకోడలు గౌను భుజం తిప్పి చూసుకుంది. కత్తిరింపు తనదే. కుట్టు ఆవిడది. నాడా దగ్గర ఆవిడ ఎప్పుడూ రెండుసార్లు తిప్పి కుడుతుంది, ఎంత లాగినా ఊడదు. కుట్టు బాగుందని ఒప్పుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండింది.

నర్సు వచ్చి ఒక పేరు పిలిచింది. అది చిన్నకోడలి పేరు. ఆమె లేచి నిలబడేసరికి పెద్దకోడలు తలుపు దగ్గరే ఉంది.

"పెద్దదాన్ని నేనుండగా చిన్నది ముందెలా వెళ్తుంది?" అని నర్సును అడిగింది.

చిన్నకోడలికి అక్కడ అత్తగారు లేదు. గోడకు వేలాడుతున్న క్యాలెండరుతో చెప్పింది. "ముందు వెళ్ళినవాళ్ళకి లోపల కిరీటమేమన్నా పెడుతున్నారేమో కనుక్కోండి."

"సూది పొడిపించుకోవడానికి కూడా వరసేంటమ్మా? ఎవరో ఒకరు రండి" అంది నర్సు. పెద్దకోడలు లోపలికి నడిచింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడాను. ఆ చూపును చిన్నకోడలు ఇంటికి వెళ్ళేదాకా నెమరువేసుకుంటూనే ఉంది.

*

ఫలితం వచ్చిన రోజు ఆపరేషన్లు చేసే డాక్టరు చిన్నకోడలిని కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే ఆమెకు సగం అర్థమైంది.

తీసిన ముక్కల్లో ఒకదానిలో రోగం ఉంది. అది మెత్తని రకం కాదు. ఒకవైపు రొమ్ము తీసేయాలి, ఆ తర్వాత మందులు ఎక్కించాలి. డాక్టరు చెబుతూ ఉంటే ఆమె మొగుడు తల ఊపుతున్నాడు. బేరం కుదిరినట్టు ఊపుతున్నాడేంటని ఆమెకు కోపం వచ్చింది. ఏడుపు రావలసిన చోట కోపం రావడం ఆమెకు అలవాటే.

"మా వదినగారిది?" అని అడిగాడు మొగుడు, బయటికి వచ్చేటప్పుడు.

"ఆవిడకేం లేదు. ఉత్త కొవ్వు గడ్డ. రాసిచ్చేశాం."

ఆవిడకేం లేదు. వ్యానులో వస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో గింగిర్లు కొట్టింది. రోగం వచ్చిందన్న బాధ ఒక ఎత్తు, అది ఆవిడకు రాకుండా తనకు వచ్చిందన్న బాధ ఇంకో ఎత్తు. రెండింటిలో ఏది ఎక్కువో ఆ వేళ అడిగితే ఆమె నిజం చెప్పి ఉండేది కాదు.

ఇంటికి రాగానే అత్తగారు చిన్నకోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. బావగారు గొంతు సవరించుకుని, "భయపడకమ్మా, ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి" అన్నాడు. పెద్దకోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఒక్క క్షణం ఇటు చూసింది. చిన్నకోడలు తలెత్తకుండా ఎదురుచూసింది. ఒక్క మాట. ఏ మాటైనా సరే, 'అయ్యో' అన్నా చాలు. పెద్దకోడలు ఇస్త్రీ పెట్టె మళ్ళీ చేతికి తీసుకుంది.

మర్నాడు పొద్దున చిన్నకోడలు గదిలోకి వచ్చేసరికి తన బల్ల దగ్గర పెద్దకోడలు నిలబడి ఉంది. ఆకుపచ్చ గుడ్డ పొరలు పరిచి ఉన్నాయి. నల్లపిడి కత్తెర ఆవిడ చేతిలో ఉంది. కసుక్కు కసుక్కుమని కోస్తోంది. సుద్దగీత మీద కాకుండా గీత లోపలగా, భయం భయంగా కోస్తోంది.

చిన్నకోడలికి ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. "అత్తయ్యా! నా కత్తెర ఎవరు ముట్టుకున్నారు?"

అత్తగారు బొత్తాలు ఏరుకుంటోంది. ఆ పూట చెవుడు ఉంది.

"అత్తయ్యా, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గడువు ఎవరి రోగం కోసమూ ఆగదని చెప్పండి" అంది పెద్దకోడలు, తల తిప్పకుండా. "ఆపరేషనుకి పోయే మనిషి బల్ల దగ్గర నిలబడి కళ్ళు తిరిగి పడిపోతే, గుడ్డ పాడయ్యేది మనదేనని చెప్పండి."

"నేనింకా చావలేదని చెప్పండి! పాడె కట్టకముందే నా చోట్లో నిలబడ్డారని చెప్పండి!"

కసుక్కుమన్న చప్పుడు ఆగింది. పెద్దకోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ గుడ్డ పొరలు సర్దుకుని మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. చిన్నకోడలు లోపలికి పోయి తలుపు వేసుకుంది. మొగుడు వచ్చి తలుపు తట్టి, "వదిన మన మంచికేగా..." అని ఏదో అనబోతే, "మీ మంచి మీ దగ్గరే ఉంచుకోండి" అని లోపలి నుంచే అరిచింది. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసొచ్చింది. రొమ్ము పోతుందన్నప్పుడు ఏడవని మనిషి, కత్తెర కోసం వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాతి రోజుల్లోనూ అంతే. పెద్దకోడలు కోస్తూనే ఉంది. ముక్కలు వంకర పోతే తనే విప్పి తనే కుట్టుకుంటోంది. గుండుసూదులన్నీ పీకి, ఎప్పటిలాగే ఎడమవైపు రొమ్ము మీద బట్టకు వరసగా గుచ్చుకుంటోంది. చిన్నకోడలు గడపలో కూర్చుని చూస్తుండేది. పని లేక చేతులు పీకేవి. 'పొట్టిగా కోస్తోంది, పొట్టిగా కోస్తోంది' అని లోలోపల సంతోషపడేది.

*

ఆపరేషను ఇంకొద్ది రోజులుందనగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ముక్కలు పరీక్ష చేసే ల్యాబు నుంచి. ఒకసారి రమ్మన్నారు.

ల్యాబు నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుంటేనే ఘాటైన మందు వాసన ముక్కు పొడిచింది. లోపల డాక్టరమ్మ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. పొట్టిజుట్టు మనిషి. వచ్చినవాళ్ళ మొహం చూసే అలవాటు లేదు. ఆమె వేసుకున్న తెల్లకోటు చేతులు మాత్రం సరిగ్గా ఉన్నాయని చిన్నకోడలు గమనించింది.

"నోరు తెరువు" అంది డాక్టరమ్మ. పుల్లకు చుట్టిన దూదితో బుగ్గ లోపల గట్టిగా రుద్ది, ఆ పుల్లను చిన్న గొట్టంలో పెట్టి మూత వేసింది.

"ఇదెందుకు? రోగం ఉందని తేల్చారుగా. ఇంకా ఏం తేల్చాలి?"

"నువ్వు గట్టిదానివేనే" అంది డాక్టరమ్మ. "నీ ముక్కల్లో ఒక్కదాంట్లోనే రోగం ఉంది. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. ఫొటోలో కంప్యూటరు చూపించిన మచ్చేమో మెత్తగా, గుండ్రంగా ఉంది. ఈ ముక్కలో రోగమేమో దానికి కుదరట్లేదు. నాకు నచ్చలేదు."

"నచ్చకపోవడమేంటి? ఇదేమన్నా పెళ్ళి సంబంధమా?"

డాక్టరమ్మ మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూసింది. కొంచెం నవ్వినట్టుంది. ప్రతి మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ మనిషికే చెందిన గుర్తు ఒకటి ఉంటుందని, బుగ్గలోంచి తీసిన కణాలతో ఆ ముక్కను పోల్చి చూస్తే అది ఎవరిదో తెలుస్తుందని చెప్పింది. ఇదివరకు ఇంత చిన్న ముక్కతో చేయడం కుదిరేది కాదట. ఇప్పుడు దారప్పోగంత ఉన్నా చాలట.

"అంటే ఆ ముక్క నాది కాకపోవచ్చనా?"

"తెలీదు. తెలీకుండా నీకేం చెప్పను. ఇంటికి పోయి ఎవరికీ ఏమీ చెప్పకు. ఆశపడకు."

ఆశపడకు అని చెప్పడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చిన్నకోడలు ఆ రోజు నుంచి నిద్రలో కూడా ఆశపడింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, మొగుడికి కూడా చెప్పకుండా పళ్ళు బిగపట్టుకుని కూర్చుంది.

మళ్ళీ పిలిచిన రోజున డాక్టరమ్మ ఉపోద్ఘాతమేమీ పెట్టుకోలేదు.

"నీది కాదు. ఆపరేషను రద్దు. నీకున్నది ఉత్త గడ్డే, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు."

చిన్నకోడలు ముందు గోడ పట్టుకుంది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత ఆమె నోటి వెంట వచ్చిన తిట్లకు పక్కగదిలో సీసాలు కడుగుతున్న మనిషి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది. "మీ చేతులు పడిపోను! లేని రోగం అంటగట్టి కోసి పారేద్దామనుకున్నారా? నా మొగుడు తల ఊపాడే! నా బల్ల పోయింది, నా కత్తెర పోయింది! ఎవరు చేశారు ఈ పని?"

"మేమే" అంది డాక్టరమ్మ. తప్పించుకోలేదు, బతిమాలలేదు. "ముక్కల్ని డబ్బాలోంచి చిన్న పట్టకారుతో తీసి మైనపు అచ్చులో పెడతారు. ఒకరి ముక్క అయ్యాక పట్టకారు తుడిచి ఇంకొకరిది పట్టుకోవాలి. తుడవలేదు. వాళ్ళ ముక్కల్లో రోగమున్న ఒక్క పోగూ దానికి అంటుకుని నీ దాంట్లో పడింది, వాళ్ళవి శుభ్రంగా ఉన్నట్టు తేలింది. ఎవరు తుడవలేదో నాకు తెలుసు. దాని సంగతి నేను చూస్తాను."

అది చిన్నకోడలికి చెప్పకుండానే అర్థమైంది. నీలం గుడ్డ కోసిన కత్తెరను తుడవకుండా తెల్లగుడ్డ మీద పెడితే నీలం పోగు ఒకటి ఎక్కడో అక్కడ అంటుకుంటుంది. ఉతికి ఇస్త్రీ చేసి మడతపెట్టాక గాని కనబడదు. తెల్లకోటు మీద నీలం పోగు కనబడిందంటే, పక్కనెక్కడో నీలం గుడ్డ ఉన్నట్టే. అక్కడికి వచ్చేసరికి ఆమె నోట్లో తిట్లు ఆగిపోయాయి.

"మరి అది ఎవరిది?"

డాక్టరమ్మ సూక్ష్మదర్శిని వైపు తిరిగింది. "అది నీకు చెప్పకూడదు."

"డబ్బాలు ఏ వరసలో తీస్తారు?"

"మనుషులు వచ్చిన వరసలో. ముందు సూది వేయించుకున్నవాళ్ళది ముందు." అటే తిరిగి ఉండి అంది, "వాళ్ళకి నిన్ననే ఫోను చేశాను. పరీక్ష ఫలితం తేలగానే చేశాను. రానంది. నాకేం లేదని రాసిచ్చారు, ఇంక ఫోన్ చేస్తే మర్యాద దక్కదంది. ఆ రోగం ఇప్పుడు ఎవరి ఒంట్లో ఉందో, వాళ్ళు నాకేం లేదనుకుంటూ తిరుగుతున్నారు. అది ఆగే రకం కాదు. నేను పోలీసుల్ని పంపించలేను కదా."

మర్యాద దక్కదు అన్న మాట ఏ నోటి నుంచి వచ్చి ఉంటుందో చిన్నకోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 'పెద్దదాన్ని నేనుండగా' అని తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కళ్ళ ముందుకొచ్చింది.

*

బస్సులో కూర్చున్నాక ఆమె మనసులోకి మొదట వచ్చిన మాట 'తగిన శాస్తి'. రాలేదంటే అబద్ధం. ముందు పోతానని ఎగబడింది, ముందే పోయింది. నా కత్తెర ముట్టుకుంది, అనుభవిస్తుంది. ఆ మాటలు రెండు మూడు స్టాపుల దాకా తియ్యగానే ఉన్నాయి. నేనెందుకు చెప్పాలి? డాక్టరమ్మ ఫోను చేసింది, రానంది, నా తప్పేముంది? నేను ఎవరిదని అడిగాను, వాళ్ళు చెప్పలేదు. కోర్టులో నిలబెట్టినా నన్నెవరూ ఏమీ అనలేరు.

ఇంటికి వచ్చింది. గడపలో చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి కత్తెర చప్పుడు వినబడింది. పెద్దకోడలు బల్ల మీదికి వంగి కోస్తోంది. ఎడమ రొమ్ము మీద బట్టకు గుండుసూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. కోత అయ్యాక ఇంకొకటి పీకి, చూడకుండానే అక్కడే గుచ్చుకుంది. చిన్నకోడలు చూపు తిప్పుకుంది. తియ్యగా ఉన్నదంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఈ మనిషి లేకపోతే రేపొద్దున తాను ఎవరిని తిట్టుకోవాలి? తిట్టుకోవడానికైనా మనిషి ఉండాలి కదా అనిపించింది, అలా అనిపించినందుకు మళ్ళీ ఆవిడ మీదే కోపం వచ్చింది.

నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. 'నీ రోగం నాకు అంటగడతావా' అంటుంది. ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కదు. ఆవిడ మొండితనం చిన్నకోడలికి తెలిసినంతగా కట్టుకున్న బావగారికి కూడా తెలియదు. చిన్నకోడలు ఆలోచించింది. గుడ్డ మీద నిమిరినట్టు ఆ మనిషిని ఈ చివర నుంచి ఆ చివరకు మనసులోనే నిమిరి చూసింది. ఎక్కడ పట్టుకోవాలో దొరికింది.

"అత్తయ్యా" అంది గట్టిగా. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాను. ఏదో కొత్త పరీక్షట. ల్యాబు డాక్టరమ్మ స్వయంగా చేస్తుందట. ఇంట్లో ఇద్దరికీ చేయాలంది, పెద్దావిడకి అక్కర్లేదమ్మా, ఆవిడ రాదు, ముందు నాకు చేసేయండి అన్నాను."

అత్తగారు తల పంకించింది.

"ఇకమీదట బట్టల కొలతల సంగతి కూడా నాతోనే మాట్లాడతానంది. మీ ఇంట్లో పెద్ద మీరేనా అంది. ఆ, నేనే అనుకోండి అన్నాను."

కత్తెర ఆగింది. గదిలో మిషను చప్పుడు కూడా లేదు. పెద్దకోడలు కత్తెరను బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా" అంది నెమ్మదిగా. "రేపు వ్యాను ఎన్నింటికి బయల్దేరుతుందో కనుక్కోండి."

*

పొద్దున చిన్నకోడలు బయటికి వచ్చేసరికి పెద్దకోడలు వ్యానులో ముందు సీట్లో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని. ముందు సీటు ఎక్కడ పోతుందోనని తొందరగా ఎక్కి కూర్చున్నట్టుంది. చిన్నకోడలు వెనక కూర్చుని లోలోపల నవ్వుకుంది. చేప గాలానికి పడింది. పెద్దావిడను తీసుకొస్తానని డాక్టరమ్మకు ఆమె రాత్రే ఫోను చేసి చెప్పి ఉంచింది. బావగారు దారంతా వాతావరణం గురించి మాట్లాడాడు.

నేలమాళిగలో ల్యాబు పక్కనే చిన్న గది, ముందొక బెంచీ. నర్సు ఒక గౌను తెచ్చి బెంచీ మధ్యలో పెట్టి, "డాక్టరుగారు వస్తున్నారు. మళ్ళీ సూది వేస్తారు. తయారుగా ఉండండి" అని వెళ్ళిపోయింది. ఒకటే గౌను. చిన్నకోడలు దాని వైపు చూడలేదు. ఇప్పుడు ఆవిడ అడుగుతుంది, రెండోది ఏదని. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు.

పెద్దకోడలు గౌనును ఒళ్ళోకి తీసుకుంది. నాడా కుట్టు మీద బొటనవేలితో రాసింది.

"నీకు ఈ రోజు పరీక్షేమీ లేదు కదూ?" అంది.

అత్తగారు లేదు. గోడ మీద క్యాలెండరు కూడా లేదు. ఆ మాట తిన్నగా తనకే వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది.

"మొన్న ఆ డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఒకరి ముక్క ఇంకొకరి దాంట్లో కలిసిందని. ఎవరి దాంట్లోనో చెప్పలేదు. చెప్పాలా? మనిద్దరం ఒకరి తర్వాత ఒకరం పోయాం." పెద్దకోడలు గౌను మడత విప్పింది, మళ్ళీ పెట్టింది. "నీకేం లేదని నీకంటే ముందే నాకు తెలుసు. ఒక రోజు ముందు."

"తెలిసి చెప్పలేదా? నేను ఆ రోజంతా..." చిన్నకోడలికి కోపం తన్నుకొచ్చింది. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నీకు లేదని చెప్తే, నాకుందని చెప్పినట్టేగా."

అవతల గదిలో ఎవరో సీసాలు కడుగుతున్నారు.

"మరి రానని అన్నావుగా. నిన్న నేను అన్న మాటలు అబద్ధమని తెలిసీ ఎందుకొచ్చావు?"

"ఒక్కదాన్నే రాలేక" అంది పెద్దకోడలు. "నిన్ను రమ్మని అడగలేక."

ఇంకో నర్సు తలుపు తీసింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఎవరు ముందు?" అంది. మామూలుగా అడిగింది, ఆమెకేం తెలుసు.

చిన్నకోడలు ఆగింది. ఇప్పుడు వస్తుంది ఆ మాట. ఎన్నాళ్ళుగానో చెవుల్లో మోగుతున్న మాట, వింటే ఒళ్ళు మండే మాట. ఈసారి మాత్రం దాని కోసం ప్రాణం కొట్టుకుంది. పెద్దకోడలు లేవలేదు. గౌనును రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తోంది.

"ఈసారికి నువ్వు వెళ్ళవే" అంది. గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది.

తాను ముందు వెళ్ళాలని చిన్నకోడలు ఎన్నిసార్లు కోరుకుందో లెక్కలేదు. ఇచ్చినప్పుడు అది ఎందుకూ పనికిరాలేదు.

"ఆవిడేనమ్మా" అంది నర్సుతో. "మా ఇంట్లో ఎప్పుడూ పెద్దావిడే ముందు." తోడికోడలి మోచెయ్యి పట్టుకుని లేపింది. చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. తెర చాటున ఆవిడ బట్టకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి తన బట్టకు గుచ్చుకుంది. పొద్దున హడావుడిలో కూడా గుచ్చుకునే వచ్చింది పిచ్చిది. గౌను తొడిగి, వెనక్కి తిప్పి నాడాలు పట్టుకుంది. పై నాడా ముడికి అందీ అందకుండా ఉంది.

"పొట్టిగా ఉంది" అంది పెద్దకోడలు, వెనక్కి తిరగకుండానే. "కత్తిరింపు తప్పు."

ఎన్నాళ్ళుగానో ఆ మాటకు జవాబు చిన్నకోడలి నాలుక చివరే ఉంది. ఇప్పుడు దాన్ని మింగేసింది. ఆ కుంగిపోయిన భుజాలు చూస్తే గొడవ పడబుద్ధి కాలేదు.

"అవునక్కా" అంది మెత్తగా. "నాదే తప్పు."

పెద్దకోడలు గిరుక్కున వెనక్కి తిరిగింది. మొహం పాలిపోయింది.

"అంత బాగాలేదా నాకు?" అంది. "డాక్టరమ్మ నీకేం చెప్పింది? చచ్చిపోతానందా?"

చిన్నకోడలు నివ్వెరపోయింది. తాను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. పట్టుకున్న నాడాను ఒక్క లాగు లాగింది.

"నిన్ను చంపడం ఎవరి తరం! తిప్పు, ఇటు తిప్పు భుజం. ఏదో మాటవరసకి అంటే నిజమనుకున్నావా? నా కత్తిరింపు తప్పా? సుద్దగీత మీద వెంట్రుకవాసి తేడా రానివ్వను నేను. నువ్వే మడత ఎక్కువ పెట్టావు. రెండుసార్లు తిప్పి కుట్టమని నీకెవరు చెప్పారు? ఆ చేతులు కూడా నీ వల్లే పొట్టి అయ్యాయి, ఇప్పటికీ అదే మాట, చచ్చేదాకా అదే మాట!"

పెద్దకోడలి మొహంలోకి రంగు వచ్చింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత చెంపలు.

"నా కుట్టుకి వంక పెట్టేంతదానివైపోయావా?" అంది. గొంతు దాని చోటికి అది వచ్చింది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా కుట్టు ఊడిందని ఎవరైనా అన్నారా?"

"అమ్మా, డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు" అంది నర్సు.

"ఉండమ్మా, వస్తున్నా" అని పెద్దకోడలు నర్సును కసిరింది. చిన్నకోడలు ముడి బిగించింది. నాడా ఊడలేదు. పెద్దకోడలు నడుం నిటారు చేసుకుని తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, వేలు చూపించింది.

"నేను బయటికి వచ్చేదాకా ఇక్కడే ఉండు. ఎక్కడికీ పోకు. ఈ సంగతి ఇవాళ తేలాలి."

"ఉంటాను" అంది చిన్నకోడలు. "తేలేదాకా ఇక్కడే ఉంటాను."

తలుపు మూసుకుంది. ఆమె బెంచీ మధ్యలో కూర్చుని, తోడికోడలి సంచిని ఒళ్ళో పెట్టుకుంది.